కంటగింపు గాని ఏరియలు

పూర్వము మన గ్రామములలో రేడియో పెట్టిన యింటిని కనుగొనుటకు ఎవరినీ అడుగనక్కఱ లేకుండెను. మిద్దెమీద రెండు వెదురుగడలు, వానినడుమ సాగదీసిన రాగితీగ, దానినుండి కిటికీలోనికి దిగిన మఱియొక తీగ: ఇదియే గుర్తు. ఏరియలు ఎంత యెత్తున నున్న ఆ యింటికి అంత గౌరవము. నేడు నేను చెప్పబోవు సంగతి దీనికి విరుద్ధమైనది. ఏరియలు ఉండవలెను, అది చక్కగ పనిచేయవలెను, కాని దారినపోవు వాని కంటికి అది అడ్డు తగులరాదు. ఇది అమెరికాదేశమునకు చెందిన విషయము. అయినను మీలో ననేకుల బిడ్డలును మనుమలును ఆ దేశమున కాపురముండుటచే మీకిది పరాయి విషయము కాదని తలంచుచున్నాను.

నా కుమారుడు టెక్సస్ రాష్ట్రమున నొక పట్టణపు శివారున కాపురమున్నాడు. 2021వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఆ రాష్ట్రమునందు మిక్కుటమైన మంచు కురిసి, లక్షలకొలది యిండ్లకు విద్యుత్తు నిలిచిపోయెను. అప్పుడు నేను వారి యింటనే యుంటిని. మా యింట రెండు దినములు దీపము లేదు. రెండవనాటికి చేతిఫోనులును మూగవోయినవి. కోడలికి అత్యవసరముగ మందు తేవలసి వచ్చెను. ఏ బాట తెఱపియై యున్నదో, ఏ వంతెన మంచుగడ్డ కట్టినదో చెప్పువారు లేరు. కారులో నొక చిన్న రేడియో యుండెను. దానియందు సరకుల లారీలు నడపువారు ఒకరితో నొకరు మాటలాడుకొనుచుండిరి. మేము పోదలచిన వంతెనపై బండ్లు జాఱి యొకదానిపై నొకటి పడుచున్నవని వారి మాటలవలన తెలిసినది. మేము వేఱు బాటను పోయి మందు తెచ్చుకొంటిమి. ఇట్టి రేడియో ఇంటిలోను ఉండవలెనని మావానికి ఆనాడే తోచినది.

ఆ రేడియోను వారు సిటిజన్స్ బ్యాండు రేడియో యందురు. క్లుప్తముగ సీబీ. సామాన్యప్రజలు తమ పనులకు మాటలాడుకొనుటకై అమెరికా ప్రభుత్వము 1958లో 27 మెగాహెర్ట్జుల ప్రాంతమున దీనికి చోటిచ్చినది. మొదట 23 మార్గములుండెను. 1977 నుండి 40 మార్గములైనవి. 1973 నాటి చమురు కఱవులో లారీవారు ఎచ్చట ఇంధనము దొరకునో ఒకరికొకరు తెలుపుకొనుటతో దీనికి దేశమంతట ప్రచారము కలిగినది. ప్రత్యేక లైసెన్సు అక్కఱలేదు. సాధారణ భాషణమునకు ప్రేషకయంత్రపు శక్తి 4 వాట్లకు మించరాదు. 9వ మార్గము ఆపదలకు ప్రత్యేకింపబడినది. 19వ మార్గమున లారీవారు మాటలాడుదురు. యంత్రము 12 వోల్టుల బ్యాటరీపై నడచుటచే, ఊరంతయు చీకటియైనను ఇది పలుకును.

మావాడు యంత్రము కొని, ఇంటి ప్రక్కన నొక యినుపగొట్టము నిలిపి, దానిపై 18 అడుగుల తెల్లని ఏరియలు ఎత్తెను. మూడు వారములు గడువకముందే ఆ కాలనీ సంఘమువారినుండి జాబు వచ్చినది. ఇండ్ల సొగసు చెడుచున్నది గావున దానిని తీసివేయవలెననియు, లేనిచో జరిమానా విధింతుమనియు అందులో నుండెను. మావానికి కోపము వచ్చినది. ప్రభుత్వమే అనుమతింపగా వీరెవ్వరని వాదించెను.

ఇచ్చట న్యాయవిషయము కొంచెము విప్పి చెప్పవలెను. ప్రభుత్వనియమము ప్రకారము సీబీ ఏరియలు కొన నేలనుండి 60 అడుగులకు మించరాదు, లేదా అది నిలిచిన కట్టడమునకుగాని చెట్టునకుగాని 20 అడుగులకు మించి పైకి పోరాదు. విమానాశ్రయముల చెంత ఇంకను తక్కువ. 1996లో వచ్చిన మఱియొక నియమము టెలివిజను ఏరియళ్లను, చిన్న ఉపగ్రహపు పళ్లెములను ఇండ్ల సంఘములు నిషేధింపకుండ కాపాడుచున్నది. కాని ఆ రక్షణ సీబీ ఏరియలునకు లేదు. ఇల్లు కొన్ననాడు మావాడు సంఘనిబంధనలకు కట్టుబడుదునని సంతకము చేసియుండెను. కావున ప్రభుత్వము కాదనకున్నను, తానిచ్చిన మాట తన్ను కట్టివేయుచున్నది. ఈ సంగతి వానికి నచ్చజెప్పుటకు నాకు రెండు దినములు పట్టినది.

ఇక కనబడని ఏరియలును ఏర్పఱచుకొనుట ఎట్లు? దీనికి ముందు రెండు మూడు మూలసూత్రములు తెలియవలెను.

మొదటిది పొడవు. వీణతీగ పొడవునుబట్టి స్వరము పలుకునట్లే, ఏరియలు పొడవునుబట్టి అది ఏ తరంగమునకు పలుకునో నిర్ణయమగును. సీబీ తరంగముల పొడవు సుమారు 11 మీటర్లు. అందు సగము పొడవుగల తీగ, కొలతలో కొంచెము తగ్గించి, సుమారు 17 అడుగుల 2 అంగుళములు ఉండవలెను. దానిని నడుమ ఖండించి, రెండు ఖండములకు రేడియోనుండి వచ్చు తీగను కలుపుదురు. ఒక్కొక ఖండము 8 అడుగుల 7 అంగుళములు. పొడవును మిక్కిలి కుదించి, చుట్టలు చుట్టి అమ్ము చిన్న ఏరియళ్లు కలవుగాని, వానియందు బలము తగ్గును.

రెండవది నిలువు. లారీలపైనను కారులపైనను ఏరియలు నిలువుగ నుండును. ఇంటి ఏరియలు అడ్డముగ పరచినచో సమీపమున నున్నవారి మాట మిక్కిలి సన్నగిల్లును. కావున వీలైనంత నిలువుగ నుంచవలెను.

మూడవది ఎత్తు. ఏరియలు 16 అడుగుల యెత్తున నున్నచో దాని చూపు చదునుభూమిపై సుమారు 5½ మైళ్లు పాఱును. 36 అడుగుల యెత్తున నున్నచో సుమారు 8½ మైళ్లు. అనగా ఎత్తు రెండింతలకు మించి పెంచినను దూరము ఒకటిన్నర రెట్లే పెరిగినది. ఎత్తు మేలుచేయును గాని, ఆశపడినంత చేయదు. అట్లే దాపఱికమువలన శక్తిలో సగము పోయినను, వినువాని యంత్రమునందలి సూచిక సుమారు అర గీత మాత్రమే దిగును. ఇది తెలిసినవాడు సామాన్యమైన ఏరియలుతో తృప్తిపడగలడు.

ఇప్పుడు మా ముందున్న నాలుగు ఉపాయములను చెప్పెదను.

మొదటి ఉపాయము అటక. ఇంటికప్పు క్రింది అటకలో తీగ కట్టిన బయటివారికేమియు కనబడదు, వానకు తడవదు, గాలికి తెగదు. కొయ్యకప్పైనచో తరంగములు చాలవఱకు దాటిపోవును. కాని రేకుకప్పైనచో పనికిరాదు. వేడిప్రాంతములందు ఎండను త్రిప్పికొట్టుటకై కప్పుపలకల లోపలివైపున అల్యూమినియపు రేకు అంటించుట కలదు. మావాని యింట అదియే యున్నది. ఆ రేకు ఎండనే కాదు, తరంగములనుగూడ త్రిప్పికొట్టును. పైగా అటకలోని విద్యుత్తీగలు, గాలిగొట్టములు ఏరియలు పలుకును చెఱచును. 17 అడుగుల తీగ నిలువుగ పట్టునంత చోటును అచ్చట నుండదు. అందుచే దీనిని విడిచితిమి.

రెండవది జెండాస్తంభము. గాజునారతోగాని ప్లాస్టిక్కుతోగాని చేసిన బోలుస్తంభము 20 అడుగులదైనచో దానిలోపల ఏరియలు తీగ నిలువుగ ఇమిడిపోవును. లోహస్తంభములో దాచినచో ఆ లోహమే తరంగములను మ్రింగివేయును. ఇంటిముందు జాతీయజెండా నెగురవేయుటను సంఘములు బొత్తిగ నిషేధింపరాదని 2006లో అమెరికాలో చట్టమైనది. కాని స్థలమును, పద్ధతిని గూర్చి తగిన కట్టుబాట్లు పెట్టుటకు వారికి అధికారము కలదు. ఉపాయము మంచిదే గాని, వ్యయము అధికము. అదిగాక జెండాను ఏరియలునకు ముసుగుగ వాడుట నా మనసునకు రుచింపలేదు.

మూడవది కారు ఏరియలు. అడుగున అయస్కాంతముగల పొట్టి ఏరియలును ఇనుపబల్లపైనో, పెరటిలోని ఇనుపపందిరిపైనో నిలిపి, పనియైన పిదప తీసివేయవచ్చును. దీనికి క్రింద విశాలమైన లోహము తప్పనిసరి. కొయ్యపై నిలిపినచో సగమైన పనిచేయదు. మేడగదులలో నివసించువారికి ఇదియే సులభము.

నాలుగవది చెట్టు. పెరటిలో నొక పెద్ద ఓక్ చెట్టున్నది. ఆ జాతి శీతకాలమునను ఆకు విడువదు. దానికి నల్లని తీగ నిలువుగ వ్రేలాడదీసినచో పదిగజముల దూరమున నున్నవానికిని తెలియదు. మేమిదియే చేసితిమి. రేడియోనుండి వచ్చు తీగలో నడుమ నొక రాగితీగయు, చుట్టును అల్లిన రాగివలయు ఉండును. కొనవైపున 8 అడుగుల 7 అంగుళముల మేర ఆ వలను ఒలిచివైచి, నడిమి తీగను మాత్రము నిలిపితిమి. అది పైఖండము. దాని దిగువ అంతే పొడవున వల క్రిందిఖండముగ పనిచేయును. ఆ కొలత ముగిసినచోట తీగను కొన్ని చుట్టలుగ చుట్టి కట్టితిమి. ఆ చుట్ట విద్యుత్తును అచ్చటనే ఆపును. అది లేకున్న తీగ యంతయు ఏరియలుగ మాఱి యింటిలోని యితర యంత్రములను కలవరపెట్టును. ఏరియలు పైకొన 30 అడుగుల యెత్తునకు పోయినది. క్రిందికొన సుమారు 13 అడుగుల యెత్తున నుండుటచే పిల్లల చేతికి అందదు.

పొడవును సరిచూచుటకు నొక కొలతపనిముట్టు కలదు. రేడియోకును ఏరియలునకును నడుమ దానిని పెట్టి చూచినచో, పోయిన శక్తిలో ఎంత వెనుకకు మఱలుచున్నదో తెలియును. ఆ నిష్పత్తి 1½ లోపున నున్న ఉత్తమము. 3కు మించిన యంత్రమునకు హాని. తీగను మొదట కొంచెము పొడవుగనే ఉంచుకొని, అంగుళము అంగుళముగ తగ్గించుచు చూడవలెను. కోసిన తీగ మఱల పెరుగదు గదా!

ఇక ముఖ్యమైన హెచ్చరిక. అమెరికాలో ఏరియళ్లను ఎత్తునపుడు అవి విద్యుత్తీగలకు తగిలి జనులు మరణించుటచే, 1978 నుండి సీబీ ఇంటి ఏరియళ్లపై అపాయసూచన ముద్రింపవలెనని ప్రభుత్వము శాసించినది. ఏరియలు పడిపోయినను విద్యుత్తీగను చేరలేనంత దూరమున దానిని నిలుపవలెను. ఒంటరిగ ఎత్తరాదు. తడిసిననాడు ఎత్తరాదు. పిడుగుల విషయమునను ఉపేక్ష పనికిరాదు. ఉఱుములు దూరముగ నున్నపుడే తీగను రేడియోనుండి ఊడదీసి వెలుపల నుంచవలెను. తీగ యింటిలోనికి వచ్చుచోట దాని వలను నేలలో పాతిన కడ్డీకి కలిపి, ఆ కడ్డీని ఇంటి విద్యుత్తు ఎర్తుతో జోడింపవలెను. చెట్టుచాటున దాగిన ఏరియలు మనుష్యులకు కనబడదు గాని, పిడుగునకు దాగదు.

పని ముగిసిన పిదప యంత్రము తెఱువగా నొకటే రొద! బ్యాటరీపై యంత్రమును నడపుచు ఇంటి విద్యుత్తును ఆపి చూచితిమి. రొద తగ్గినది. ఒక్కొక దీపమును వెలిగించుచు రాగా, వంటయింటి దీపములును, ఒక ఫోను ఛార్జరును దోషులని తేలినది. వానిని మార్చిన పిదప నాలుగు మైళ్ల దూరపు రాజమార్గమున లారీవారి మాటలు స్పష్టముగ వినవచ్చినవి. తొమ్మిది మైళ్లలోనున్న మావాని మిత్రుని కంఠము సన్నగనైనను తెలియవచ్చినది. పూర్వపు తెల్లని ఏరియలుతో అతని మాట కొంత బిగ్గరగ నుండెను. నష్టము అంతమాత్రమే.

చెట్టుపై తీగ నెక్కించుటకు ముందే సంఘమువారికి పటము గీచి, కొలతలు వ్రాసి విన్నపము పంపుమని నేను మావానికి చెప్పితిని. కనబడనిదానికి అడుగుటెందుకని వాడనెను. కంటికి అడ్డురాకుండ చేయుట మర్యాద. కనబడదు గదా యని మాట తప్పుట మోసము. ఈ రెంటికిని భేదము కలదంటిని. నెలదినములకు అనుమతి వచ్చినది. తీగ నల్లనిదై యుండవలెననియు, వీథినుండి కనబడరాదనియు మాత్రము షరతు పెట్టిరి. తెల్లని ఏరియలును చూచి మొదట ఫిర్యాదు చేసిన పొరుగింటి వృద్ధుడు ఇప్పుడు గాలివాన సూచనలు వచ్చినపుడెల్ల మావాని తలుపుతట్టి, బాటలెట్లున్నవని అడుగుచున్నాడు.

చివరకు మీకొక మాట. మీ పిల్లలు ప్రేమతో అట్టి యంత్రమును ఇచ్చటకు తెత్తుమన్నచో వలదని చెప్పుడు. భారతదేశమున 2005 నియమములలో లైసెన్సు లేకుండ విడిచిన పట్టీ 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జుల వఱకు మాత్రమే. అమెరికా యంత్రమునందలి 28వ మార్గము మొదలు 40వ మార్గము వఱకు దీనికి వెలుపల పడును. అచ్చటి యంత్రము అచ్చటి నియమములకే తగినది. మీరు వారి యింటికి పోయినపుడు మాత్రము, ఏరియలు ఎచ్చటనున్నదో చూపుమని అడుగుడు. కనబడకున్న సంతోషింపుడు. విద్యుత్తీగకు ఎంత దూరమున నున్నదో, పొరుగువారిని అడిగి పెట్టినదో కాదో, ఈ రెండు ప్రశ్నలును వేయక మాత్రము మఱలిరావలదు.