డెబ్బై పైసల అప్పు, నాలుగు రూపాయల అప్పు

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పుకోరు. నూటికి నెలకి ఎంత అన్నదే లెక్క. రూపాయి అయితే ధర్మవడ్డీ, రెండు రూపాయలు మామూలు, మూడు దాటితే ఆ గుమ్మం తొక్కొద్దని పెద్దవాళ్లే చెబుతారు. బ్యాంకు అప్పుల్ని ఈ లెక్కలోకి మార్చి చూస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. ఎనిమిదిన్నర శాతం హోమ్‌లోన్ అంటే డెబ్బై పైసల వడ్డీ. పదిహేను శాతం పర్సనల్ లోన్ రూపాయి పావలా. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు వేసే నెలకి మూడున్నర శాతానికి, దాని మీద పడే 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటిపోతుంది. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీ అడిగితే దణ్ణం పెట్టి వెనక్కి వచ్చేసే మనిషి, హోమ్‌లోన్ ఈఎంఐ తప్పకూడదన్న పట్టుదలతో ఇంటిఖర్చంతా కార్డు మీద గీస్తున్నాడు. డెబ్బై పైసల అప్పు పరువు కాపాడటానికి నాలుగు రూపాయల అప్పు చేస్తున్నాడన్నమాట. ఇల్లు కొన్న మధ్యతరగతి కుటుంబాలు చితికిపోయేది ఎక్కువగా ఈ దారిలోనే అని నా వాదన. కాబట్టి సర్దుబాటు మొదలుపెట్టాల్సింది కూడా హోమ్‌లోన్ దగ్గరే.

రెండో అప్పు ఎప్పుడో కష్టకాలంలో వస్తుందనుకుంటాం. నిజానికి అది ఇల్లు కొన్న రోజే మొదలవుతుంది. హైదరాబాద్ శివార్లలో కడుతున్న అపార్టుమెంటులో అరవై లక్షల ఫ్లాటు తీసుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య రుణానికి బ్యాంకు ఇల్లు విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. అంటే 48 లక్షలు. మిగిలిన పన్నెండు లక్షలు మనవి. రిజిస్ట్రేషన్‌కి సుమారు ఏడున్నర శాతం, ఈ స్థాయి ఇళ్లకి దాన్ని విలువలో కలిపి లోను ఇవ్వరు. కడుతున్న ఫ్లాటు కనుక జీఎస్టీ మరో ఐదు శాతం. ఈ రెండే ఏడున్నర లక్షలు. ఆపైన వుడ్‌వర్క్. సేల్ డీడ్ మీద సంతకం పెట్టేనాటికి ఇరవై లక్షల పైచిలుకు చేతిలో ఉన్న జీతగాళ్లు ఎందరు? అందుకే నగలు తాకట్టుకి వెళతాయి, రావాల్సిన చీటీని ముందే తక్కువకి పాడేసుకుంటారు, పర్సనల్ లోన్ తీస్తారు, బావమరిది దగ్గర చేబదులు తెస్తారు. ఇల్లు చేతికొచ్చేదాకా ఒకపక్క అద్దె, ఒకపక్క ప్రీ-ఈఎంఐ. బ్యాంకు ఆఫీసరు జీతం చూసి ఇంత ఈఎంఐ మోయగలరని తేల్చింది చేబదుళ్లనీ చీటీలనీ చూడకుండానే, ఎందుకంటే అవి ఏ సిబిల్ రిపోర్టులోనూ కనబడవు.

ఇక వడ్డీరేటు సంగతి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ హోమ్‌లోన్లన్నీ బయటి ప్రామాణికానికి, ఎక్కువగా రెపో రేటుకి, ముడిపడి ఉన్నాయి. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో, 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. రెండున్నర శాతమే కదా అనిపిస్తుంది. 6.75 శాతానికి యాభై లక్షలు ఇరవై ఏళ్లకి తీసుకున్న వాళ్ల ఈఎంఐ దాదాపు 38 వేలు. రెండేళ్లు కట్టాక అసలు 47.5 లక్షల దగ్గర ఉంటుంది. అప్పుడు రేటు 9.25 అయితే ఆ నెల వడ్డీయే 36,600. పాత ఈఎంఐనే కడుతుంటే అసల్లోకి వెళ్లేది పద్నాలుగు వందలు, మిగిలిన పద్దెనిమిదేళ్ల గడువు ముప్ఫై ఐదేళ్లు దాటుతుంది. చాలామందికి ఈ మార్పు జరిగినట్టే తెలియలేదు. అడక్కుండా, చెప్పకుండా గడువు పెంచేస్తున్నారన్న ఫిర్యాదులు పెరిగాకే రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఆదేశం ఇచ్చింది: రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంత చేయాలా అన్నది ఎంచుకునే వీలు రుణగ్రహీతకి ఇవ్వాలి. ఈఎంఐ ఆ నెల వడ్డీకి కూడా చాలని స్థితి రాకూడదు.

ఈ నిబంధనని మనవాళ్లు ఫిర్యాదు కోసమే గుర్తుంచుకున్నారు, పనిముట్టుగా వాడుకోవడం లేదు. వాడుకుంటే ఏమవుతుందో చూద్దాం. హోమ్‌లోన్ బాకీ 40 లక్షలు, రేటు 8.5, గడువు పదిహేనేళ్లు: ఈఎంఐ 39,390. పక్కన కార్డు బాకీ రెండు లక్షలు. కార్డుకి నెలకి పదివేలు కడుతున్నారు. అందులో 8,260 వడ్డీకి, జీఎస్టీకి పోతుంది, అసలు తగ్గేది 1,740. కొత్తగా ఒక్క రూపాయి గీయకపోయినా ఇలా తీరడానికి 43 నెలలు పడుతుంది, కట్టేది మొత్తం 4.3 లక్షలు. ఇప్పుడు హోమ్‌లోన్ గడువుని ఇరవై ఏళ్లకి పెంచితే ఈఎంఐ 34,713 అవుతుంది. మిగిలిన 4,677ని కూడా కార్డుకే కడితే అది 21వ నెలలో తీరిపోతుంది, మొత్తం మూడు లక్షలతో. కార్డు వైపు మిగిలింది లక్షా ముప్ఫైవేలు. ఆ ఇరవయ్యొక్క నెలలు తక్కువ కట్టినందుకు హోమ్‌లోన్ వైపు అదనంగా పడిన వడ్డీ ఏడున్నర వేల లోపే. తరవాత ఈఎంఐని పాత మొత్తానికి తెచ్చుకుని, కార్డుకి కడుతూ వచ్చిన పదివేలు కూడా ఇంటి అప్పుకే మళ్లిస్తే ఏడాదిలోపే పాత లెక్కకి వచ్చేస్తారు. ఫ్లోటింగ్ హోమ్‌లోన్ ముందుగా చెల్లిస్తే వ్యక్తుల దగ్గర బ్యాంకులు జరిమానా తీసుకోకూడదని 2012 నుంచే నిబంధన ఉంది.

గడువు పెంచితే వడ్డీ తడిసి మోపెడవుతుందని ఆర్థిక సలహాదారులు చెప్పేది అబద్ధం కాదు. పై లెక్కలోనే ఈఎంఐని మళ్లీ పెంచకుండా ఇరవై ఏళ్లూ 34,713 కట్టుకుంటూ పోతే అదనంగా పన్నెండు లక్షల పైన సమర్పించుకోవాలి. కానీ ఆ హెచ్చరిక పక్కన వేరే బాకీలు లేనివాళ్లకి సరిపోయేది. నాలుగు రూపాయల వడ్డీ నడుస్తున్నంతకాలం డెబ్బై పైసల అప్పుని తొందరగా తీర్చాలనుకోవడం లెక్కకి నిలవదు. వయసు అడ్డొస్తుందన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. రిటైర్మెంటు దాటి గడువు ఇవ్వడానికి బ్యాంకులు అంత తేలిగ్గా ఒప్పుకోవు, యాభై దాటినవాళ్లకి ఈ వెసులుబాటు చాలా తక్కువ. అయితే 2025 ఫిబ్రవరి నుంచి డిసెంబరు లోపల రెపో 6.5 నుంచి 5.25కి దిగింది. రేటు తగ్గినప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐని అలాగే ఉంచి గడువుని తగ్గిస్తాయి. గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించండని అడగొచ్చు, దానికి వయసుతో పనిలేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల దగ్గర తీసుకున్నవాళ్లకీ, 2019కి ముందు పాత ఎంసీఎల్ఆర్ పద్ధతిలో తీసుకున్నవాళ్లకీ ఈ తగ్గింపు అంత త్వరగా చేరదు. వాళ్లు కొత్త పద్ధతికి మార్చమని అడగాలి, లేదా మరో బ్యాంకుకి లోను మార్చుకోవాలి.

ఇంటి మీద టాపప్ తీసుకుని కార్డులన్నీ ఒక్కసారే తీర్చేస్తే సరిపోదా అని అడుగుతారు. వడ్డీ లెక్కలో సరిపోతుంది. నాకు మాత్రం అది నచ్చదు. కార్డు బాకీకి తాకట్టు లేదు. కట్టలేకపోతే కోర్టు దావా, సిబిల్ స్కోరు నాశనం, రికవరీ వాళ్ల ఫోన్లు ఉంటాయి గానీ ఇంటి తలుపు మీద నోటీసు అంటించే హక్కు వాళ్లకి నేరుగా లేదు. టాపప్‌తో ఆ బాకీ వచ్చి ఇంటి మీదే కూర్చుంటుంది. పైగా ఖాళీ అయిన కార్డుల లిమిట్ అలాగే ఉంటుంది, పండక్కో పెళ్లికో మళ్లీ నిండుతుంది. టాపప్ తీసుకున్న మరుక్షణం కార్డులు రద్దు చేసే నిగ్రహం ఉంటే సరే. లోన్ యాప్‌ల గురించి వేరే చెప్పక్కర్లేదు. 2020 చివర్లో తెలంగాణలో వాటి వేధింపులకి ప్రాణాలు పోయాయి.

ఇంత లెక్క తెలిసినా జనం బ్యాంకు మెట్లెక్కరు. ఒక్క ఈఎంఐ తప్పితే ఇల్లు పోతుందన్న భయమే కారణం. చట్టంలో ఉన్నది వేరు. వాయిదా బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్పీఏ (మొండిబాకీ) అవుతుంది. ఆ తర్వాతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇవ్వాలి. మన అభ్యంతరానికి పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం చేసుకున్నాక కూడా అమ్మకానికి ముందు 30 రోజుల నోటీసు, 45 రోజుల్లోపు డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి వెళ్లే హక్కు ఉన్నాయి. ఈ గడువులన్నీ ఎగవేయడానికి కాదు, మాట్లాడుకోవడానికి. కానీ ఎన్పీఏ అయ్యాక బ్యాంకు చేతులు కట్టేసినట్టే, మొదటి వాయిదా తప్పకముందు అడిగితే వినే మేనేజరు అప్పుడు వినలేడు. కష్టాల్లో ఉన్న ఖాతాని పునర్‌వ్యవస్థీకరిస్తే సిబిల్‌లో అది కనబడుతుంది కూడా. వాయిదాలు సరిగ్గా కడుతూ రేటు మారిన సందర్భంలో అడిగే సర్దుబాటుకి ఆ మచ్చ ఉండదు.

ఉద్యోగం పోయి ఆదాయమే లేనప్పుడు, లేదా ఇంటి ఈఎంఐ ఒక్కటే జీతంలో సగం దాటినప్పుడు ఈ సర్దుబాట్లేవీ నిలబెట్టవు. అప్పుడు ఇల్లు మనమే అమ్ముకోవడం మేలు. బ్యాంకు వేలంలో వచ్చే ధర మన బేరంలో వచ్చే ధరకి సాటిరాదు, పైగా వేలం ప్రకటన వెలువడ్డాక బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు కూడా పోతుంది. అద్దెకిచ్చిన రెండో ఫ్లాటు ఉండి, అద్దె ఈఎంఐలో సగం కూడా రాకపోతే, దాన్ని పట్టుకుని వేలాడటానికి కారణం ఆశ తప్ప మరోటి లేదు.

ఈ నెల కార్డుకి కనీస మొత్తమే కట్టిన వాళ్లు హోమ్‌లోన్ స్టేట్‌మెంటు తీసి మిగిలిన గడువు, ఇప్పటి రేటు చూసుకోండి. ఈఎంఐ తగ్గించమని బ్రాంచిలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. దానికి రుసుము లేదు, వివరాలకి ఫోన్ నంబరు 14448.