ఇంజను ఆయిలు ఉష్ణోగ్రత గేజి

ఇంజను ఆయిలు ఉష్ణోగ్రత గేజి అనేది మోటారు వాహనపు ఇంజనులో తిరిగే కందెన నూనె ఎంత వేడిగా ఉన్నదో డ్రైవరుకు తెలిపే పరికరం. ఇందులో ముఖ్యంగా రెండు భాగాలు ఉంటాయి. నూనెలో మునిగి ఉండి వేడిని గ్రహించేది సెన్సరు. డ్రైవరు ఎదుట ఉండి ముల్లుతో అంకెను చూపేది గేజి. పాత కార్లలో చాలావాటికి ఈ పరికరం తయారీ నుండే ఉండేది కాదు. యజమానులు తరువాత అమర్చుకునేవారు, ఇప్పటికీ అమర్చుకుంటున్నారు. గాలితో చల్లబడే ఇంజను గల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును ఉదాహరణగా తీసుకొని ఈ అమరికను ఈ వ్యాసంలో వివరించడమైనది.

నూనె వేడిని ఎందుకు తెలుసుకోవాలి

కందెన నూనె రాపిడిని తగ్గించడమే కాక, ఇంజను లోపలి భాగాల వేడిని కూడా మోసుకుపోతుంది. నూనె చిక్కదనాన్ని భౌతిక శాస్త్రంలో స్నిగ్ధత అంటారు. చల్లగా ఉన్నప్పుడు చిక్కగా సాగే ఆముదం వేడి చేయగానే పలుచబడడం అందరూ చూసినదే. ఇంజను నూనె కూడా అంతే. మరీ వేడెక్కితే పలుచబడి, బేరింగుల మధ్య నిలవవలసిన నూనె పొర తెగిపోతుంది. అప్పుడు లోహం లోహంతో రాసుకుంటుంది. అధిక వేడిలో నూనె త్వరగా చెడిపోతుంది కూడా.

నూనె ఎప్పుడూ చల్లగా ఉండడమూ మంచిది కాదు. తగినంత వేడెక్కని నూనెలో చేరిన నీటి తేమ, పెట్రోలు ఆవిరైపోక అందులోనే నిలిచిపోతాయి. సాధారణంగా సంపులోని నూనె 80 నుండి 110 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం ఆరోగ్యకరం.

బీటిల్ కారు ప్రత్యేకత

ఫెర్డినాండ్ పోర్షె 1930లలో రూపొందించిన ఈ జర్మన్ కారు 2.1 కోట్లకు పైగా తయారైంది. చివరి కారు 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లా కర్మాగారం నుండి వెలువడింది. దీని ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. రేడియేటరు, నీరు ఉండవు. జనరేటరుతో పాటు బెల్టుతో తిరిగే ఫ్యాను విసిరే గాలి, సుమారు రెండున్నర లీటర్ల నూనె, ఒక చిన్న ఆయిల్ కూలరు మాత్రమే ఇంజనును చల్లబరుస్తాయి. నీరే లేదు కనుక నీటి ఉష్ణోగ్రత గేజి కూడా ఉండదు.

హెచ్చరికగా రెండు దీపాలు మాత్రం ఉంటాయి. ఎర్రదీపం వెలిగితే జనరేటరు పనిచేయడం లేదని, బహుశా బెల్టు తెగి ఫ్యాను ఆగిపోయిందని అర్థం. రెండవ దీపం నూనె పీడనం పడిపోయినపుడు వెలుగుతుంది. ఫ్యాను తిరుగుతూనే ఇంజను నెమ్మదిగా వేడెక్కుతుంటే ఈ రెండూ ఏమీ చెప్పవు. పీడనం దీపం వెలిగే సరికి నూనె అప్పటికే పలుచబడి ఉంటుంది.

పాత ఇంజన్లలో ఆయిల్ కూలరు ఫ్యాను తొడుగు లోపలే, మూడవ సిలిండరుకు గాలి వెళ్లే దారిలో ఉండేది. అందువలన ఆ సిలిండరు తక్కిన వాటికంటే ఎక్కువ వేడెక్కి, దాని ఎగ్జాస్టు వాల్వు ముందుగా చెడిపోయేది. 1971 నమూనా 1600 ఇంజనుతో కూలరును తొడుగు వెలుపలికి మార్చి ఈ లోపాన్ని తగ్గించారు.

సెన్సరు పనిచేసే విధానం

విద్యుత్ సెన్సరులో ఒక అర్ధవాహక గుళిక ఉంటుంది. లోహపు తీగలో వేడి పెరిగితే విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఈ గుళికలో దానికి విరుద్ధంగా నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గిన కొద్దీ ప్రవాహం పెరిగి, గేజి ముల్లు పైకి కదులుతుంది. ఏ వేడికి ఎంత నిరోధం ఉండాలో తయారీదారులందరూ ఒకే విధంగా నిర్ణయించలేదు. కనుక గేజిని, సెన్సరును ఒకదానికొకటి సరిపోయే జతగానే కొనాలి. జత కలవని పరికరంలోనూ ముల్లు కదులుతుంది, కాని అది చూపే అంకె తప్పు.

సన్నని గొట్టం ద్వారా పనిచేసే యాంత్రిక గేజీలు కూడా ఉన్నాయి. ఆ గొట్టాన్ని కత్తిరించరాదు, అతికించరాదు. బీటిల్‌లో ఇంజను వెనుక, డ్యాష్‌బోర్డు ముందు ఉన్నందున విద్యుత్ గేజియే అనుకూలం.

సెన్సరును అమర్చే చోటు

డ్రైన్ ప్లగ్ స్థానం: సంపు అడుగున ఉన్న ప్లగ్ తీసి, 14 మిల్లీమీటర్ల మర గల సెన్సరును బిగించవచ్చు. సంపులోని నూనె వేడి ఇక్కడ చక్కగా తెలుస్తుంది. అయితే ఇది ఇంజనులో అతి దిగువ భాగం. రాయి తగిలి సెన్సరు విరిగితే నూనె అంతా కొద్దిసేపట్లో కారిపోతుంది. 1970లలో తయారైన కొన్ని ఇంజన్లకు ఈ ప్లగ్ ఉండదు.

డిప్ స్టిక్ స్థానం: నూనె మట్టం చూసే కడ్డీ బదులు సెన్సరు గల కడ్డీని పెట్టవచ్చు. ఇది సులభం, దేనినీ విప్పనక్కరలేదు. కడ్డీ కొన నూనెలో మునిగేటంత పొడవు ఉండాలి.

పీడనం స్విచ్ స్థానం: చీలిక గొట్టం బిగించి స్విచ్‌ను, సెన్సరును కలిపి పెట్టవచ్చు. కాని ఆ గొట్టంలోని నూనె కదలక నిలిచి ఉంటుంది కనుక అసలు వేడికంటే తక్కువ అంకె కనిపించవచ్చు.

అమర్చే పద్ధతి (డ్రైన్ ప్లగ్ స్థానంలో)

1. కారు 6 వోల్టులదో 12 వోల్టులదో బ్యాటరీని చూసి నిర్ధారించుకోవాలి. 1960ల మధ్య వరకు బీటిల్ కార్లు 6 వోల్టులతో వచ్చేవి. గేజి అందుకు తగినదై ఉండాలి.
2. వెనుక సీటు కింద ఉన్న బ్యాటరీ నుండి ఎర్తు వైరును విడదీయాలి.
3. కారు కిందికి వెళ్లవలసి వస్తే జాకీని మాత్రమే నమ్మకూడదు. గట్టి స్టాండ్లు పెట్టాలి.
4. నూనెను పూర్తిగా దింపి, కొత్త రాగి వాషరుతో సెన్సరును బిగించాలి. ఇంజను గుల్ల మెత్తని మెగ్నీషియం మిశ్రమ లోహం. ఇంజను కింద ఏది బిగించినా అతి బలం పనికిరాదు.
5. ఒంటి వైరు సెన్సరుకు ఇంజను లోహమే ఎర్తు. మరలకు టేపు మందంగా చుడితే ఆ సంబంధం తెగి కొలత తప్పుతుంది.
6. సెన్సరు వైరును ఎగ్జాస్టు గొట్టాలకు దూరంగా, ఉన్న వైర్ల కట్టతో పాటు ముందుకు తీసుకుపోవాలి. రేకు రంధ్రం దాటే ప్రతి చోట రబ్బరు వలయం వేయాలి. తరువాత నూనె మార్చడానికి వీలుగా సెన్సరు దగ్గర ఊడదీసే కనెక్టరు ఉండాలి.
7. గేజికి కరెంటును ఇగ్నిషన్ తాళంతో వచ్చే వైరు నుండి ఒక చిన్న ఫ్యూజు ద్వారా ఇవ్వాలి. ఫ్యూజు లేని వైరు ఒరుసుకుపోయి రేకుకు తగిలితే మంటలు రావచ్చు.
8. నూనె పోసి మట్టం చూసి, ఇంజను నడిపి, కారుతున్నదేమో పరిశీలించాలి.

పరీక్ష, లోపాలు

బిగించే ముందే సెన్సరును పరీక్షించడం మంచిది. గేజికి కరెంటు ఇచ్చి, సెన్సరు లోహానికి ఒక వైరుతో ఎర్తు కలిపి, దాని కొనను మరుగుతున్న నీటిలో ముంచితే ముల్లు 100 డిగ్రీల దగ్గర నిలవాలి. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది కనుక ఆ మేరకు తేడా ఉంటుంది.

ముల్లు అసలు కదలకపోతే వైరు తెగి ఉండవచ్చు. తాళం తిప్పగానే చివరికంటా పోతే వైరు ఎక్కడో రేకుకు తగులుతున్నదని అర్థం.

కొలతను అర్థం చేసుకోవడం

సెన్సరు ఉన్న చోటును బట్టి అంకె మారుతుంది. అందువలన మొదటి కొన్ని వారాలు ఎండలో, చల్లని వేళ, ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు ఎక్కడ నిలుస్తున్నదో గమనించి రాసుకోవాలి. అది ఆ కారుకు సహజమైన కొలత అవుతుంది. అదే దారిలో, అదే వేగంలో కొలత 10, 15 డిగ్రీలు పెరిగితే బెల్టు వదులు, ఇగ్నిషన్ టైమింగు, ఇంజను చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు, కూలరులో చేరిన దుమ్ము పరీక్షించాలి.

120 డిగ్రీలు దాటితే వేగం తగ్గించాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతున్నా పై గేరులోనే లాగించక, కింది గేరుకు మార్చాలి. ఇంజను వేగంతో పాటు ఫ్యాను వేగమూ పెరుగుతుంది. 130 దాటితే కారును పక్కకు తీసి ఆపాలి.

గేజి ఇంజనును చల్లబరచదు. వేడికి కారణమైన లోపాన్ని సరిచేయకుండా కేవలం గేజి అమర్చినందువలన ప్రయోజనం లేదు. ఇంజను పాడయ్యే లోపు లోపాన్ని వెతకడానికి డ్రైవరుకు కొంత వ్యవధి ఇవ్వడమే దీని ఉపయోగం.