పుట్టకముందే మొదలయ్యే పోరాటం

1941 సంవత్సరారంభం. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో నార్మన్ మెక్‌ఆలిస్టర్ గ్రెగ్ అనే నేత్రవైద్యుని వద్దకు, పసికందులను ఎత్తుకొని తల్లులు ఒకరి వెంట ఒకరు రాసాగారు. ఆ బిడ్డల కంటిపాపలు నల్లగా మెరవడానికి బదులు పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. ముదిమిలో రావలసిన శుక్లాలు పుట్టుకతోనే వచ్చాయి! వంశపారంపర్యమేమో అనుకుందామంటే, ఆ కుటుంబాలలో అటువంటి దాఖలాలు లేవు. పైగా చాలామంది బిడ్డలు పాలు తాగడానికే అలసిపోతున్నారు. వారి గుండెలో కూడా లోపం ఉన్నది.

ఒకనాడు తన గది వెలుపల కూర్చున్న తల్లుల మాటలు గ్రెగ్ చెవిన పడ్డాయని చెబుతారు. గర్భం ధరించిన తొలి నెలల్లో తమకు జర్మన్ మీజిల్స్ వచ్చిందని వారు చెప్పుకుంటున్నారు. రుబెల్లా అని కూడా పిలిచే ఈ జబ్బు 1940లో ఆస్ట్రేలియా అంతటా వ్యాపించింది. కొద్దిపాటి జ్వరం, ఒంటిమీద ఎర్రని దద్దు, మూడు నాలుగు రోజుల్లో నిమ్మళించడం - దీన్ని ఎవరూ లెక్కచేసేవారు కారు. గ్రెగ్ మాత్రం లెక్కచేశాడు. తోటి వైద్యులను అడిగి, 78 మంది శిశువుల వివరాలు సేకరించి, 1941 అక్టోబరు 15న మెల్‌బోర్న్‌లో నేత్రవైద్యుల సభ ముందుంచాడు. వారిలో అత్యధికుల తల్లులు గర్భవతులై ఉండగా రుబెల్లా సోకినవారే.

అందరూ వెంటనే నమ్మలేదు. ఇది ఇంకా రుజువు కాలేదని 1944లో ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ అభిప్రాయపడింది. కాని కాలం గ్రెగ్ పక్షానే నిలిచింది. తల్లికి చిన్న జబ్బు, బిడ్డకు పెద్ద శాపం కాగలదని లోకం ఒప్పుకున్నది.

అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. వైరస్ తనను చుట్టుముట్టినప్పుడు గర్భస్థ శిశువు ఏం చేస్తుంది? ఎదిరిస్తుందా, ఊరకుంటుందా?

ఊరకుంటుందని అనుకోవడానికి బలమైన కారణమే ఉన్నది. మెల్‌బోర్న్‌కే చెందిన శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్ 1949లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఏది తనది, ఏది పరాయిది అనే వివేకం శరీరానికి పుట్టుకకు ముందే అలవడుతుంది. ఆ దశలో పరిచయమైన దానిని శరీరం తనదిగానే భావించి, జీవితాంతం సహిస్తుంది. ఈ దారిలో చేసిన కృషికే బర్నెట్‌కు, బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్‌కు 1960లో నోబెల్ బహుమతి లభించింది. ఆ లెక్కన, మూడో నెలలో రుబెల్లా వైరస్‌ను ఎదుర్కొన్న పిండం దానిని తన బంధువుగా అంగీకరించాలి.

1962లో అమెరికాలో రెండు పరిశోధక బృందాలు రుబెల్లా వైరస్‌ను వేరుచేయగలిగాయి. మరి రెండేళ్లకు, 1964-65లో, ఆ దేశాన్ని రుబెల్లా ముంచెత్తింది. సుమారు 20,000 మంది శిశువులు దాని ముద్రతో పుట్టారు. వారి రక్తాన్ని పరీక్షించినప్పుడు ఊహించనిది కనిపించింది.

రక్తంలో రోగాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలలో రెండు రకాలు ఇక్కడ ముఖ్యం. ఐజీజీ అనే రకం మాయను దాటి తల్లి నుండి బిడ్డకు చేరుతుంది. ప్రయాణానికి తల్లి కట్టియిచ్చిన చద్దిమూట వంటిది అది. కొన్ని నెలలలో ఖర్చయిపోతుంది. ఐజీఎం అనే రెండో రకం పరిమాణంలో పెద్దది, మాయను దాటలేదు. కనుక నవజాత శిశువు రక్తంలో రుబెల్లాకు ప్రతిగా ఐజీఎం కనిపించిందంటే, అది తల్లి ఇచ్చినది కాదు, బిడ్డ స్వార్జితం! ఈ శిశువుల రక్తంలో అదే కనిపించింది. గర్భంలోని బిడ్డ ఊరకుండలేదు, పోరాడింది. నేటికీ పుట్టుకతో వచ్చిన రుబెల్లాను గుర్తించడానికి వైద్యులు చూసే ఆనవాళ్లలో ఇది ప్రధానమైనది.

కాని ఈ కథలో విషాదం కూడా అక్కడే ఉన్నది. పోరాడినా గెలుపు దక్కలేదు. ప్రతిరక్షకాలు ఉండగానే ఆ శిశువుల గొంతులో, మూత్రంలో నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటినా, వైరస్ కనిపించింది. వారిని ఎత్తుకొని లాలించిన నర్సులకు కూడా జబ్బు అంటుకున్నది.

ఎందుకిలా? మొదటిది కాలం. అవయవాలు రూపుదిద్దుకునే తొలి 12 వారాల్లో వైరస్ సోకితే ప్రమాదం అత్యధికం. అప్పటికి బిడ్డకు స్వంత సైన్యం లేదు, తల్లి ప్రతిరక్షకాలు అందేది బహుస్వల్పం. బిడ్డ తన ఐజీఎంను చెప్పుకోదగినంతగా తయారుచేసుకొనేది దాదాపు ఐదో నెల నుండి. అప్పటికే కోట శత్రువు వశమై ఉంటుంది. రెండవది ఆయుధం. రక్తంలో తిరిగే వైరస్‌ను ప్రతిరక్షకాలు పట్టగలవు గాని, కణం లోపల దాగిన దానిని వెదకి తుదముట్టించవలసినవి టీ-లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు. ఈ పిల్లల్లో రుబెల్లా పట్ల వాటి స్పందన బలహీనంగా ఉన్నట్లు తేలింది. బర్నెట్ చెప్పిన సహనం ఇక్కడ పాక్షికంగా ఉన్నదేమోనని కొందరు పరిశోధకులు భావించారు. ఈ పోరు మచ్చలు కొందరిలో చాలాకాలానికి, మధుమేహంగానో థైరాయిడ్ జబ్బుగానో బయటపడ్డాయి.

దీని సారాంశం ఒక్కటే. గర్భస్థ శిశువు ఎంత ధీరంగా పోరాడినా, ఆ పోరాటానికి సమయం మించిపోయి ఉంటుంది. రక్షణ అంతకుముందే, తల్లి శరీరంలోనే సిద్ధంగా ఉండాలి. 1969లో అమెరికాలో ఆమోదం పొందిన టీకా ఆ పనికే వచ్చింది. గర్భవతులకు ఈ టీకా వేయరు. గర్భం ధరించకముందే, మేలైన పద్ధతిలో బాల్యంలోనే, వేయాలి. మన దేశంలో తట్టు, రుబెల్లాలకు ఉమ్మడి టీకా ఉద్యమం 2017 ఫిబ్రవరిలో ఆరంభమై, అదే ఏడాది తెలుగు రాష్ట్రాలకూ వచ్చింది. తొమ్మిది నెలల పసివారి మొదలు పదిహేనేళ్ల లోపు వారందరికీ, ఆడపిల్లలతోపాటు మగపిల్లలకూ, ఆ టీకా వేశారు. మగపిల్లవానికెందుకని అడిగేవారుండవచ్చు. ఇంటికి జబ్బు తెచ్చేది తమ్ముడైనా కావచ్చు, భర్తయినా కావచ్చు.

ఏ దేశంలో ఒక వైద్యుడు తల్లుల మాటకు చెవి ఒగ్గాడో, ఆ ఆస్ట్రేలియా నుండి రుబెల్లా తొలగిపోయిందని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అది చూడడానికి గ్రెగ్ లేడు, 1966లోనే కన్నుమూశాడు. ఆనాడు ఆ తల్లులు ఏ పాపమూ ఎరుగరు, బిడ్డలు తమకు చేతనైనంత పోరాడారు. ఇరువురికీ ఆ యుద్ధమే లేకుండా చేయగల సాధనం నేడు మన చేతిలో ఉన్నది.