చేతులు మారే దుకాణం

వ్యాపారం చేయదలచినవారికి మార్గాలు రెండు. క్రొత్త దుకాణాన్ని నెలకొల్పడం మొదటిది. నడుస్తున్న దుకాణాన్ని కొనడం రెండవది. మొదటి మార్గంలో గిరాకీ ఏర్పడడానికి కొన్ని సంవత్సరాలు పట్టవచ్చు. రెండవ మార్గంలో మొదటి దినం నుండే రాబడి ఉంటుంది. అయితే పెద్ద మొత్తం ఒక్కసారిగా కావలసి వస్తుంది. ఆ ధనాన్ని సమకూర్చుకొనే తీరు మీదనే కొన్నవాని భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలోని అడవులదీవి తీరప్రాంత గ్రామం. ఈ ప్రాంతమంతటా రొయ్యల సాగు విస్తరించి ఉంది. ఇటువంటి ఊరిలో రొయ్యల మేత, మందులు అమ్మే దుకాణాన్ని వయసు మళ్ళిన యజమాని 12 లక్షల రూపాయలకు అమ్మజూపాడనుకొందాం. అక్కడే గుమాస్తాగా పనిచేసిన యువకుడు దానిని కొనదలచాడు. తన పొదుపు, తల్లి నగలు అమ్మగా వచ్చిన సొమ్ము కలిపి అతని వద్ద 4,10,000 రూపాయలు ఉన్నాయి.

ముందుగా ఆ 12 లక్షలు దేని వెలయో తెలుసుకోవాలి. అందులో సరుకు విలువ 5 లక్షలు. బల్లలు, తూకపు యంత్రం మొదలైన సామాను విలువ 1 లక్ష. రైతుల నుండి రావలసిన బాకీలు 4 లక్షలు. దుకాణం సంపాదించుకొన్న మంచిపేరుకు కట్టిన వెల 2 లక్షలు. ఈ చివరిదానినే వర్తకులు గుడ్‌విల్ అంటారు. రైతులు పంటకాలమంతా మేతను అరువు తీసుకొని, రొయ్యలు పట్టి అమ్మిన తరువాత బాకీ తీర్చడం ఈ వ్యాపారంలో పరిపాటి. కనుక అరువు పుస్తకమే ఇటువంటి దుకాణానికి బలం. దాని బలహీనత కూడా అదే.

ఇక ధనసహాయం సంగతి. 2008లో ఆరంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం రాయితీ క్రొత్తగా స్థాపించే సంస్థల కొరకు ఉద్దేశింపబడింది. పాత దుకాణాన్ని కొనేవారికి అది అందదు. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజనలోని ‘కిశోర్’ తరగతిలో 50,000 నుండి 5 లక్షల రూపాయల వరకు స్థిరాస్తి తాకట్టు లేకుండా ఋణం పొందే వీలుంది. కంటికి కనిపించే సరుకుకు, సామానుకు బ్యాంకు అప్పిస్తుంది. మంచిపేరుకు, పాత బాకీలకు అప్పివ్వడానికి సాధారణంగా వెనుకాడుతుంది. సరుకు, సామాను విలువ 6 లక్షలలో నాలుగింట మూడు వంతులు, అనగా 4,50,000 రూపాయలు బ్యాంకు ఇచ్చిందనుకొందాం. తక్కిన 1,50,000, గుడ్‌విల్ వెల 2 లక్షలు యువకుడు తన సొమ్ము నుండి చెల్లించాలి. అప్పుడతని వద్ద 60,000 రూపాయలు మిగులుతాయి.

మిగిలినవి బాకీల 4 లక్షలు. ఆ మొత్తాన్ని ముందుగానే చెల్లించడం ప్రమాదకరం. బాకీలు వసూలైన కొలదీ యజమానికి చెల్లించేటట్లు ఒప్పందం చేసుకోవడం మేలు. అరువిచ్చినవాడు ఆయన, ఏ రైతు మాట మీద నిలబడతాడో ఎరిగినవాడూ ఆయనే. అప్పుడు వసూలుకు ఆయన కూడా తోడ్పడతాడు. కొన్నవాడు వసూలులో అశ్రద్ధ చూపకుండా గడువు విధించడం, నెలనెలా లెక్క చూపడం ఆ ఒప్పందంలో ఉండాలి.

బ్యాంకు ఋణాన్ని 12 శాతం వడ్డీతో ఐదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 10,000 రూపాయలు కట్టాలి. దుకాణం ఖర్చులు పోగా నెలకు 30,000 రూపాయలు మిగిలి, ఇంటి ఖర్చు 15,000 అయితే వాయిదా సులభంగా తీరుతుంది. కాని రొయ్యల సాగు నిలకడ లేనిది. తెల్లమచ్చల వ్యాధి సోకితే కొద్ది దినాలలోనే చెరువంతా నశిస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ వస్తువులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు కలవరపడ్డారు. రైతుకు రాబడి లేనప్పుడు దుకాణానికి బాకీ రాదు. బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. అందువల్ల మిగిలిన 60,000 రూపాయలను ఆరు నెలల వాయిదాల కొరకు ముట్టకుండా ఉంచుకోవాలి.

పత్రాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గుడ్‌విల్ అమ్మినవాడు నిర్ణీత ప్రాంతంలో అదే వ్యాపారం తిరిగి పెట్టకుండా ఒప్పందం చేసుకోవడానికి 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ వీలు కల్పించింది. 2017 నాటి కేంద్ర జి.ఎస్.టి. చట్టం 85వ సెక్షన్ ప్రకారం, వ్యాపారం చేతులు మారే నాటికి ఉన్న పన్ను బకాయికి అమ్మినవానితోపాటు కొన్నవాడు కూడా బాధ్యుడు. కాబట్టి పన్ను లెక్కలు చూడకుండా సంతకం చేయరాదు. మేత కంపెనీ ఏజెన్సీ క్రొత్తవాని పేరిట మారుతుందో లేదో కూడా ముందే విచారించాలి.

సరుకుకు బ్యాంకు ఋణం, మంచిపేరుకు సొంత సొమ్ము, బాకీలకు అమ్మినవాని ఓర్పు, కష్టకాలానికి నిలువ ధనం: ఈ నాలుగూ అమరినప్పుడే కొనుగోలు క్షేమకరం. దుకాణం తాళపుచెవి ఒక్క దినంలో చేతికి వస్తుంది. పాత యజమానిపై రైతులకున్న నమ్మకాన్ని మాత్రం క్రొత్తవాడు సరియైన తూకంతో, సరియైన లెక్కతో తిరిగి సంపాదించుకోవలసిందే.