పాలపండ్లే గదా!

అర్ధరాత్రివేళ పసివాడు చెంప పట్టుకొని యేడ్చుచు లేచును. తల్లి దీపము వేసి నోరు తెఱపించి చూచును. క్రింది దవడపంటిలో నల్లని గుంట! లవంగమును నూరి యందుంచి, జోకొట్టి, తెల్లవారువఱకు ప్రక్కన కూర్చుండును. ఉదయమున ఇంటి పెద్దలు "పాలపన్నే గదా, నేడో రేపో ఊడునదే, దానికి వైద్యమెందుకు?" అందురు. ఈ మాట వినని గృహము మనలో అరుదు. ఇది యెంతవఱకు నిజము? పుచ్చిన పాలపంటికి నేటి దంతవైద్యులు చేయున దేమి? అందు తల్లి తెలిసికొని నిర్ణయింపవలసిన దేమి? ఈ విషయములను సోదరీమణుల యెదుట నుంచుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పాలపండ్లు 20. సాధారణముగా 6వ నెల ప్రాంతమున మొలవ నారంభించి, మూడేండ్లు నిండునప్పటికి అన్నియు వచ్చును. ముందరి పండ్లు ఆఱేడేండ్ల ప్రాయమున ఊడుట నిజమే. కాని ఆహారము నమలు దవడ పాలపండ్లు 10 మొదలు 12 ఏండ్ల వఱకు నిలువవలసినవి. అనగా నాలుగేండ్ల బిడ్డకు పుచ్చిన దవడపన్ను మఱి యాఱేడేండ్లు ఆ నోటిలో నుండవలసినదే. అంతకాలము బిడ్డ ఆ నొప్పితో తినవలయునా, నిద్రింపవలయునా? పోనీ, పన్ను పీకింత మన్నచో, ఇరుప్రక్కల పండ్లు ఆ సందులోనికి ఒరిగి, తరువాత రాబోవు శాశ్వతదంతమునకు చోటు లేకుండ చేయును. ఉపేక్షించినచో చీము పట్టి, చిగురు వాచి, క్రింద పెరుగుచున్న క్రొత్త పంటికి గూడ హాని కలుగవచ్చును. పాలపన్ను శాశ్వతదంతమునకు చోటు కాచియుంచు కావలివాడు.

ఇక పన్ను ఏల పుచ్చును? పంటిలో పురుగు చేరినదని మనవారందురు. ఆ పురుగులను తీయుదుమని చెప్పి ఊరూర తిరిగి డబ్బు గైకొనువారును గలరు. పంటిలో అట్టి పురుగు లేదు. కంటికి గానరాని సూక్ష్మజీవులు మాత్రము కలవు. 1924లో లండను నగరమున క్లార్కు అను వైద్యుడు పుచ్చిన పండ్లనుండి వానిలో ముఖ్యమైన దానిని వేఱుపఱచి, స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరిడెను. ఈ క్రిములు పంటి నంటియున్న పాచిలో కాపురముండి, మనము తిను చక్కెరను తాము తిని, ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటి పైనున్న పింగాణివంటి పొరను కరగించును. పాలపంటికి ఈ పొర పలుచన. అందుచేతనే పెద్దల పంటికంటె పిల్లల పన్ను త్వరగా పుచ్చి, లోపలి నరమువఱకు గుంట పోవును.

కారణము క్రిములైనపుడు గుంటను పూడ్చినంతమాత్రమున రోగము పోదు గదా! పూర్వము వైద్యులు పుచ్చిన భాగమునెల్ల తొలిచివేసి, పాదరసముతో వెండిని కలిపిన మిశ్రలోహముతో పూడ్చెడివారు. ఆ పూడిక గట్టిదే. కాని దాని యంచునను పంటికిని నడుమ సన్నని సందు మిగిలినచో, క్రిములు మఱల అందు చేరి పని సాగించును. పైగా పాదరసము విషయమున జాగ్రత్త పెరిగినది. 2018 జూలై నుండి ఐరోపా సమాఖ్య దేశములలో 15 ఏండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఆ పూడికను, వైద్యుడు తప్పనిసరియని తలచిన సందర్భములయందు దక్క, మానివేసిరి. క్రిములను చంపునట్టి, లేక వానిని మూసివేసి మాడ్చునట్టి పదార్థములకై వెదకుట నేటి మాట కాదు.

ఈ వెదకులాటలో మొదట చేతికందినది మన మెఱిగిన లోహమే. పసిబిడ్డకు వెండి ఉగ్గుగిన్నెతో పాలు పట్టుట మన యాచారము. ఆ వెండికి క్రిములను చంపు శక్తి కలదని తెలిసి, 1917లో అమెరికాలోని బోస్టను నగరమున హోవె అను దంతవైద్యుడు వెండి లవణముతో నొక ద్రావకమును చేసి పుచ్చిన పండ్లకు పూసెను. 1969లో జపానునందలి ఒసాకా విశ్వవిద్యాలయమున నిషినో మొదలగు పరిశోధకులు వెండికి ఫ్లోరైడును జతచేసిరి. దీనినే సిల్వర్ డయమిన్ ఫ్లోరైడు అందురు. వెండి క్రిములను చంపును. ఫ్లోరైడు మెత్తబడిన పంటిని మఱల గట్టిపఱచును. సూది లేదు, తొలుచు యంత్రము లేదు. పంటిని శుభ్రపఱచి, తడి యార్చి, చిన్న కుంచెతో నొక బొట్టు అద్ది, ఒక నిమిష ముంచినచో చాలును.

దీని ఫలమెట్టిదో గూడ చెప్పవలయును. హాంకాంగు నగరమున చిన్నపిల్లలపై జరిగి 2018లో ప్రకటింపబడిన పరీక్షలో, 38 పాళ్ల ద్రావకమును ఆఱునెలల కొకమాఱు పూయగా, 30 నెలలలో నూఱింట సుమారు 76 గుంటలు పెరుగక నిలిచిపోయినవి. ఏడాది కొకమాఱు పూసినచో నూఱింట 67 నిలిచినవి. కావున ఒకసారి పూయించి మఱచిపోరాదని తెలియుచున్నది. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన అత్యవసర ఔషధముల పట్టికలో దీనిని జేర్చినది.

అయితే, దీనికొక లోపమున్నది. దానిని దాచి చెప్పుట తల్లులకు ద్రోహము చేయుటయే. మందు తగిలిన పుచ్చుభాగము నల్లనగును; ఆ నలుపు పోదు. మంచి పన్ను మాత్రము నల్లబడదు. చిగురునకో పెదవికో తగిలినచో మచ్చ పడి కొలది దినములలో తానే పోవును. ఈ నలుపు విని వెనుకాడు తల్లులు పెక్కురు. మేమెఱిగిన యొక యిల్లాలు, నాలుగేండ్ల కూతురు ముందరి పండ్లు నల్లబడినచో పదుగురు నవ్వుదురని సంకోచించి, "తరువాత చూతము" అని యూరకుండెను. ఏడాది తిరుగకమునుపే ఆ పండ్లకు చీము పట్టెను, రెంటిని పీకింపవలసివచ్చెను. "నల్లని పండ్లతో నవ్వవలసిన బిడ్డ, పండ్లే లేక నోరు మూసికొని తిరుగుచున్నది" అని యామె మాతో చెప్పి కంట తడి పెట్టుకొనెను. ఆమెను మేము నిందింపము. బిడ్డ ముఖమును నలుగురు ఎట్లు చూతురో యని తల్లి తలచుట సహజము. కాని ఆ నలుపు రోగము నిలిచినదనుటకు గుఱుతు. తెల్లగా, పసుపుగా, మెత్తగా నున్న గుంటయే రోగము సాగుచున్నదనుటకు గుఱుతు. ఈ సంగతి ముందుగా తెలిసినచో పెక్కుమంది తల్లుల నిర్ణయము మాఱునని మా నమ్మకము.

ఆ నలుపును కొంతవఱకు కప్పుటకును, గుంటను పూడ్చుటకును వేఱొక పదార్థము కలదు. అది గాజు సిమెంటు. 1969లో లండనునందు ప్రభుత్వ రసాయనశాలలో విల్సను, కెంటు అను శాస్త్రజ్ఞులు గాజుపొడిని ఒక ఆమ్లద్రవముతో కలిపి దీనిని కనిపెట్టిరి. దీని గుణములు రెండు. పంటిని విశేషముగా తొలువకయే తనంతట పంటికి అంటుకొనును. మఱియు లోపలినుండి ఫ్లోరైడును కొంచెము కొంచెముగా విడుచుచుండును. బిడ్డ ఫ్లోరైడు పేస్టుతో తోముకొనునపుడు ఆ సిమెంటు ఫ్లోరైడును మఱల గ్రహించును. లోపమేమనగా, పెద్ద గుంటలయందు నమలు బరువునకు ఇది విఱుగవచ్చును.

1980ల నడుమ, ఆఫ్రికాయందలి టాంజానియాలో విద్యుత్తు లేని గ్రామములలో ఫ్రెంకెను అను దంతవైద్యుడు యంత్రము లేకుండ, చేతి పనిముట్లతోనే మెత్తని పుచ్చును గీకి పూడ్చు పద్ధతిని ఆరంభించెను. ఆ పద్ధతికి ఈ గాజు సిమెంటే తరువాత ముఖ్యమైన పూడిక యైనది. స్కాట్లండున హాలు అను వైద్యురాలు మఱియొక యడుగు ముందునకు వేసి, పుచ్చును తీయనే తీయక, ఉక్కు తొడుగులో ఈ సిమెంటు నింపి పాల దవడపంటిపై తొడిగెను. చక్కెర యందని క్రిములు లోపలనే ఆకలిచే మాడి శక్తి గోల్పోవును. తలుపు మూసి దొంగను పస్తుంచినట్లే ఇదియు.

ఇక పూడికలోనే క్రిములను చంపు మందును కలిపినచో నేమి? ఈ యాలోచనయు జరిగినది. గాజు సిమెంటులో క్లోర్‌హెక్సిడిన్ అను మందును కలిపి చూచిరి. 1990వ దశకమున ఒసాకా శాస్త్రజ్ఞులే తెల్లని రెజిన్ పూడికలకు క్రిమినాశక పదార్థమును బంధించిరి. నేడు వెండి సూక్ష్మకణములను గూడ కలిపి పరీక్షించుచున్నారు. పరీక్షశాల గాజుపాత్రలలో ఇవి క్రిములను చంపుచున్నవి. కాని మందు ఎక్కువైనచో పూడిక బలము తగ్గును. తక్కువైనచో కొలది కాలముననే అది హరించును. పైగా నోరు గాజుపాత్ర కాదు. రెజిన్ పూడికలలో కలిపిన క్రిమినాశకములను గూర్చి కాక్రేను సమీక్షకులు 2009లోను, 2013లోను వెదకగా, వారి నియమములకు సరిపడు మానవ పరీక్ష యొక్కటియు దొరకలేదు. కావున "క్రిములను చంపు క్రొత్త పూడిక" అని యెవరైన అధిక ధనము కోరినచో, సోదరీమణులు తొందరపడి లొంగరాదు. అది పిల్లల నోటిలో ఎన్ని యేండ్లు నిలిచినదో నెమ్మదిగా అడుగవలయును.

అన్ని పండ్లకు పై చికిత్సలు చాలవు. రాత్రివేళ తనంతట నొప్పి లేచుట, చిగురుపై చీముపొక్కు, చెంపవాపు, జ్వరము - ఇవి కనబడినచో రోగము నరమును చేరినదని తలచి, ఆనాడే దంతవైద్యుని జూడవలయును. వెండి సరిపడనివారికిని, నోటిలో పుండ్లున్నపుడును ఆ ద్రావకము పూయరాదు. వెండిభస్మము మొదలగువానిని ఇంట పంటిలో కూరుట ప్రమాదకరము. లవంగతైలము నొప్పిని కొంతసేపు అణచునే కాని పుచ్చును మాన్పదు.

మనలో ఫ్లోరైడన్న మాటకే భయపడువారు కలరు. ఆ భయము నిష్కారణము గాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో బావినీటి ఫ్లోరైడుచే ఎముకలు బిగిసి వంగిన జనులను వైద్యులు గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతము పడిన బాధ అందఱెఱిగినదే. కాని అది యేండ్లతరబడి దినదినము త్రాగిన నీటివలన కలిగిన కీడు. వైద్యుడు ఏడాదికి ఒకటి రెండుమాఱులు పంటికి అద్దునది ఒక బొట్టు. అట్టి నీరు గల గ్రామములవారు ఆ సంగతిని వైద్యునికి చెప్పి, పేస్టు విషయమున ఆయన సలహా గైకొందురు గాక.

తుదకు అన్నిటికంటె చవుకయైన మందు ఇంటిలోనే యున్నది. తీపి పెట్టవలదని మేము చెప్పము. పండుగనాడు అరిసె తినని బాల్యమేమి బాల్యము? కాని తీపి తిన్న ప్రతిమాఱు సుమారు అరగంటసేపు ఆమ్లము పంటిని తినుచుండును. కావున దినమంతయు బిస్కెట్టులు, చాక్లెట్టులు చప్పరించుటకంటె భోజనముతోపాటు ఒకసారి తీపి తినుట మేలు. పాలసీసా నోట నుంచుకొని నిద్రించు నలవాటును మాన్పవలయును. మొదటి పన్ను కనబడిన నాటినుండి తోమవలయును. మూడేండ్లలోపు బియ్యపుగింజంత, తరువాత బఠాణీగింజంత పేస్టు చాలును. రాత్రి తోమిన పిమ్మట నీరు తప్ప మఱేమియు నీయరాదు. ఆఱేండ్లప్పుడు పాలపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకయే, ఒక దవడపన్ను మొలచును. అది పాలపన్ను కాదు, జీవితాంతము నుండవలసినది. దానిని కనిపెట్టి చూడుడు.

వారమున కొకనాడు పగటి వెలుతురున బిడ్డను ఒడిలో పరుండబెట్టుకొని, పై పెదవి నెత్తి చూచుట యెంత పని? చిగురు చెంత సున్నపుచార వంటి తెల్లని గీత కనబడినచో అదియే రోగము తొలి యడుగు. అప్పుడు మేల్కొన్న తల్లి, అర్ధరాత్రి లవంగము నూరవలసిన యవసరము చాలవఱకు తప్పించుకొనును.