మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయం: న్యాయ సహాయకుల పాత్ర

మాజీ సైనికుల కుటుంబాలకు పింఛను, భూమి, కోర్టు నోటీసు వంటి చిక్కులు ఒక్కోసారి కలిసే వస్తాయి. వాటిని విడదీసి, ఏ సమస్యకు ఏ కార్యాలయానికి వెళ్లాలో చెప్పడమే సంక్షేమ సంస్థలో న్యాయ సహాయకుడి మొదటి పని. ఇక్కడ ‘న్యాయాధికారి’ అనే మాట వాడలేదని గమనించండి. తెలుగులో ఆ మాటకు జడ్జి అనే అర్థం స్థిరపడిపోయింది. న్యాయ సహాయకుడు తీర్పు చెప్పడు.

కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమాధికారి సాధారణంగా పదవీ విరమణ చేసిన సైనికాధికారే గాని న్యాయవాది కాదు. అందువల్ల చట్టపరమైన సలహా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదుల నుంచి రావాలి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2025 జూలై 26న ప్రారంభించిన వీర్ పరివార్ సహాయతా యోజన ఉద్దేశం ఇదే: సైనిక బోర్డు కార్యాలయాల్లోనే న్యాయ సహాయ కేంద్రాలు నడపడం. ఆదోని, ఎమ్మిగనూరు వాసులు ప్రతిసారీ కర్నూలు వెళ్లనక్కరలేదు. తమ పట్టణ కోర్టులోని మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.

ఒక ఉదాహరణ ఊహించండి. ఎమ్మిగనూరులో ఉంటున్న ఒక సైనికుడి భార్యకు భర్త మరణించాక కుటుంబ పింఛను తక్కువగా వస్తోంది. పొలాన్ని మరిది దున్నుకుంటున్నాడు. ఆమె రెండింటినీ ఒకే అర్జీలో రాసి సైనిక కార్యాలయంలో ఇచ్చింది. అర్జీ అలాగే ఉంటే ఏ పనీ కదలదు.

పొలం విషయంలో న్యాయ సహాయకుడు ముందుగా పట్టా చూస్తాడు. పిత్రార్జితమైతే దారి సివిల్ కోర్టు. ప్రభుత్వం అసైన్ చేసిన భూమి అయితే మొదట తహసీల్దారు. ఆమె స్త్రీ కాబట్టి, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందవచ్చు.

పింఛను దారి వేరు. ముందు భర్త పనిచేసిన దళం రికార్డు ఆఫీసుకు రాయాలి. అక్కడ పని జరగకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. అర్జీకి ఆరు నెలలైనా జవాబు రాకపోతే, 2007 చట్టం ప్రకారం ఆపై మరో ఆరు నెలల్లోగా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. గడువు లెక్క తేదీ మీద నడుస్తుంది కనుక అర్జీ పంపిన రిజిస్టర్డ్ పోస్టు రసీదును జాగ్రత్త చేయించడం చిన్న పని కాదు. మంచి సహాయకుడు ఆ రసీదు నకలును ఫైలులో అన్నిటికన్నా పైన ఉంచుతాడు.

ఆలస్యం వల్ల జరిగే నష్టం డబ్బు రూపంలోనే కనిపిస్తుంది. తర్సేమ్ సింగ్ కేసులో (2008) సుప్రీంకోర్టు పింఛను హక్కును నిలిపింది గాని, ఆలస్యంగా వచ్చినవారికి బకాయిలను సాధారణంగా మూడేళ్లకే పరిమితం చేసింది. పదేళ్లు ఊరుకున్న కుటుంబం హక్కు గెలిచినా ఏడేళ్ల సొమ్ము పోగొట్టుకున్నట్టే.

ఇంకా సర్వీసులో ఉన్న కొడుకు మీద దావా పడితే 1925 నాటి భారత సైనికుల వ్యాజ్య చట్టాన్ని గుర్తుంచుకోండి. అతడు యుద్ధ పరిస్థితుల్లోనో చట్టం చెప్పిన ఇతర ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తుంటే విచారణ వాయిదా కోరవచ్చు. కుటుంబం ఆ సంగతిని కలెక్టరుకు తెలిపితే, ఆయన కోర్టుకు ధ్రువీకరణ పంపగలరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై ఉదాహరణలోని అర్జీని రెండుగా విడదీసి, ఒక్కొక్కటి ఎవరికి పంపాలో రాయండి.