లైన్ తెగినా లెక్క తప్పని స్క్రిప్ట్

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలైంది. జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్ష చేయడం దాని పద్ధతి. అడవి పల్లెల్లో చేసే ఇలాంటి పరీక్షల వివరాలు ఎప్పుడో ఒకప్పుడు కంప్యూటర్‌కెక్కి జిల్లా కేంద్రానికి చేరాలి. మధ్యలో ఉండే సెల్ టవర్ మాత్రం కరెంటు పోతే మూగబోవచ్చు.

అలాంటి చోట రోజూ రాత్రి 2 గంటలకు దానంతటదే నడిచే షెల్ స్క్రిప్ట్ ఒకటి ఉందనుకుందాం. షెల్ స్క్రిప్ట్ అంటే కంప్యూటర్‌కు వరుసగా రాసిపెట్టిన ఆదేశాల చీటీ. ఫైలు పంపు, తర్వాత దాన్ని చెరిపెయ్. మంచి నెట్ ఉన్న నగరంలో ఇది చక్కగా నడుస్తుంది. బస్తర్‌లో ప్రమాదకరం. ప్రత్యేకంగా చెప్పకపోతే, మొదటి ఆదేశం విఫలమైనా షెల్ రెండోదాన్ని అమలు చేసేస్తుంది. ఫైలు అవతలికి చేరదు, ఇవతలా మిగలదు.

ప్రతి ఆదేశం ముగుస్తూ షెల్‌కు ఒక అంకె అప్పగిస్తుంది. సున్నా అయితే పని అయినట్టు, ఇంకేదైనా అయితే కానట్టు. ఆ అంకె చూశాకే ముందుకు కదలాలి. ఇక గడువు సంగతి. తెగిన లైన్ చాలాసార్లు ఆ మాట చెప్పదు, మౌనంగా ఉండిపోతుంది. గడువు పెట్టకపోతే స్క్రిప్ట్ గంటల తరబడి ఎదురుచూస్తూనే ఉండొచ్చు. ఫైలు పెద్దదైతే ‘కర్ల్’, ‘ఆర్‌సింక్’ వంటి సాధనాలకు ఆగిన చోటి నుంచే కొనసాగించమని చెప్పవచ్చు.

విఫలమైతే వెంటనే మళ్లీ ప్రయత్నించడం మంచిదేనా? 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కూ, దానికి 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య ఇంటర్నెట్ వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. రద్దీ ఉన్నప్పుడే కంప్యూటర్లు అవే ప్యాకెట్లను మళ్లీ మళ్లీ పంపడం రద్దీని మరింత పెంచింది. దీనికి వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పరిష్కారాల్లో వెనక్కి తగ్గడం ముఖ్యమైనది. స్క్రిప్ట్ కూడా 1, 2, 4, 8 నిమిషాలు అంటూ విరామం పెంచుకుంటూ పోవాలి. టవర్ లేవగానే అన్ని కేంద్రాలూ ఒక్కసారిగా మీద పడకుండా, ఆ విరామానికి లాటరీ తీసినట్టు కొన్ని సెకన్లు కలపాలి.

అసలు చిక్కు వేరే ఉంది. ఫైలు చేరింది, ‘అందింది’ అనే జవాబు వచ్చేలోపు లైన్ తెగింది. పంపినవారి దృష్టిలో అది విఫలమే. మళ్లీ పంపితే ఒకే మలేరియా కేసు రెండుసార్లు నమోదవుతుంది, లేని వ్యాప్తి ఉన్నట్టు కనిపిస్తుంది. ఏ గడువూ, ఏ విరామమూ దీన్ని ఆపలేవు. నమోదు చేసిన చోటే ప్రతి పరీక్షకూ ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య ఇదివరకే చేరి ఉంటే సర్వర్ రెండోదాన్ని పక్కన పెట్టి, ‘అందింది’ అని మాత్రం మళ్లీ చెప్పాలి. జవాబు అందాకే ఇక్కడి ఫైలును ‘పంపాల్సినవి’ ఫోల్డర్ నుంచి ‘పంపినవి’లోకి మార్చాలి.

నెట్ ఉన్నప్పుడు తీసుకుని, లేనప్పుడు చేత్తో మోసుకెళ్లడం బస్తర్‌కు తెలిసిన పనే. జర్నలిస్టు శుభ్రాంశు చౌధరి స్థాపించిన సీజీనెట్ స్వర బృందం చేపట్టిన ‘బుల్టూ రేడియో’లో గోండి కార్యక్రమాలు బ్లూటూత్ ద్వారా ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు చేరాయి. పేరు కూడా బ్లూటూత్ అనే మాట నుంచే పుట్టింది. స్క్రిప్ట్‌కూ ఇదే దారి ఉంది. మూడు రోజులైనా టవర్ లేవకపోతే, ‘పంపాల్సినవి’ ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ తాళం వేసి (రోగుల వివరాలు కదా) పెన్‌డ్రైవ్‌లో జగదల్‌పూర్ పంపవచ్చు. తర్వాత లైన్ వచ్చి అవే ఫైళ్లు మళ్లీ వెళ్లినా కేసుల లెక్క మారదు.